స్కార్నమ్‌లో క్రాసింగ్

మా ఊరికి అరగంటకో రైలు వేసింది రైల్వే కంపెనీ అని పేపర్లో రాశారు. అది తప్పు. వేసింది మా అత్తగారు. కావాలంటే ఆవిడనే అడగండి. అడగకపోయినా చెబుతుంది.

ఆవిడ పేరు వీట్స్కే. మా నింకె పుట్టినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ బెప్పె అయిపోయింది, అంటే నాయనమ్మ. నేనూ అలాగే పిలుస్తాను. పుట్టింది మా వార్సమ్‌లోనే అయినా ఇప్పుడు ఉండేది లేవార్డెన్‌లో. ఈ రెంటికీ మధ్య ఒకే ఒక్క లైను, దాని మీద గంటకో బండి. దేశంలో పడమటనున్న హాలండ్ వాళ్ళకి పావుగంటకో రైలుండగా ఉత్తరాన ఉన్న మన ఫ్రీస్లాండ్ వాళ్ళకి గంటకొకటేమిటని ఆవిడ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. మీటింగుల్లో కాఫీ పంచేలోపే లేచి నిలబడేదట. ఆవిడ పోరు పడలేకే బండ్లు పెంచారని మా ఆయన సీట్సె అంటాడు. తల్లి ముందు మాత్రం అనడు.

నాకైతే గంటకో బండే బాగుండేది.

బుధవారాలు నేను లేవార్డెన్‌లో ముసలివాళ్ళ హోమ్‌కి వెళ్తున్నాను. అప్పటికింకా దాన్ని ఉద్యోగం అనకూడదు, క్రిస్మస్ దాకా చూస్తామన్నారు. నేను పదహారేళ్ళకే బడి మానేసినదాన్ని. విత్తనపు ఆలుగడ్డలు ఏరడం తప్ప ఇంకో పని ఎరగను. ఇక్కడ కుదురుకుంటే పని చేయిస్తూనే చదువు కూడా వాళ్ళే చెప్పిస్తారు. అలాంటి అవకాశం నాకు మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. అక్కడి ఇన్‌చార్జి మార్లీన్ మొదటి రోజే చెప్పింది, పొద్దున్న పెద్దవాళ్ళని లేపి బట్టలు తొడిగే వేళకి రాని మనిషి ఆ తర్వాత వచ్చినా రాకపోయినా ఒకటేనని. నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

సీట్సె పాల ట్యాంకరు తోలతాడు, తెల్లారకముందే వెళ్ళిపోతాడు. అందుకని బుధవారం బెప్పె వంతు. పద్ధతి ఎలా ఉండేదంటే, ఒకే లైను కాబట్టి పోయే బండీ వచ్చే బండీ ఒకదానికోసం ఒకటి మా వార్సమ్‌లోనే ఆగేవి. లేవార్డెన్ నుంచి వచ్చిన బండిలోంచి బెప్పె దిగేది. లేవార్డెన్ వెళ్ళే బండి నేను ఎక్కేదాన్ని. మధ్యలో ప్లాట్‌ఫారం మీద పిల్ల చేతులు మారేది. ఆవిడ అంతకుముందు బండికి రావాలంటే గంట ముందు రావాలి. అంటే ఇద్దరం నా వంటింట్లో గంటసేపు కూర్చోవాలి. అది మా ఇద్దరిలో ఎవరం కోరుకోలేదు. క్రాసింగే మాకు సుఖం.

డ్రైవర్లు కిందికి దిగి నడుము సాగదీసుకునేవాళ్ళు, అంత తీరుబాటు ఉండేది. ఆ తీరుబాటులో నేను చెప్పాల్సినవి చెప్పేదాన్ని. ద్రాక్షపళ్ళు నిలువుగా కోయాలి, అడ్డంగా కోస్తే గొంతుకి అడ్డం పడతాయి. కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళొద్దు, వెళ్ళినా చెయ్యి వదలొద్దు. పడుకోబెట్టాక మధ్య మధ్యలో చూడాలి. చూసేటప్పుడు తలుపు చప్పుడు కాకూడదు. బెప్పె అంతా విని, "ఊపిరి దానంతట అదే పీల్చుకుంటుందా, లేక అది కూడా నేనే చూడాలా?" అని అడిగేది. తను నలుగురిని పెంచానని, నలుగురూ బతికే ఉన్నారని గుర్తు చేసేది. సీట్సె చిన్నప్పుడు బూటు పాలిష్ తిన్నాడట. ఇప్పుడు చూడు ఎంత నిగనిగలాడుతున్నాడో అనేది.

డిసెంబరులో కొత్త టైమ్‌టేబుల్ వచ్చింది. ఆదివారం మొదటి బండికి ఊరి బ్యాండువాళ్ళు చలికి బిగుసుకుపోయిన వేళ్ళతో ఏదో వాయించారు. బెప్పె గులాబీ పూత పూసిన ఆరెంజ్ కేకులు రెండు పళ్ళాల నిండా కోసుకొచ్చి డ్రైవరుకి, టీసీ దౌవెకి, దిగినవాళ్ళకి, ఎక్కినవాళ్ళకి పంచింది. వద్దన్నవాళ్ళకి జేబులో పెట్టింది.

ఆ సందడిలో బండ్లు ఎన్ని పెరిగాయని అందరూ చూశారు. ఎక్కడ ఎదురుపడతాయో ఎవరూ చూడలేదు. ఒకే లైను మీద బండ్లు రెట్టింపైతే క్రాసింగు మాత్రం పాత చోటే ఎందుకుంటుందని ఇప్పుడు అనడం తేలిక. నేను నా బండి టైము చూసుకున్నాను, కాస్త ముందే బయల్దేరుతుంది. బెప్పె తన బండి టైము చూసుకుంది, కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఎవరి వరస వాళ్ళం చదువుకుని ఊరుకున్నాం. నాకు అనుమానంగానే ఉంది, కాదనను. కానీ ఆ వారంలో బెప్పె రైలుకి వంక పెట్టడమంటే బాప్తిస్మం రోజున బిడ్డ ముక్కు వంకరగా ఉందనడమే.

బుధవారం పొద్దున్న చీకట్లో నింకెని పిల్లల తోపుడుబండిలో కూర్చోబెట్టి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. నా బండి వచ్చింది. అవతలి వైపు పట్టాలు ఖాళీగా ఉన్నాయి. డ్రైవరు కిందికి దిగలేదు. దౌవె తలుపులోంచి బయటికి వంగి, ఎక్కుతావా లేదా అన్నట్టు చూశాడు. మా బెప్పె బండి రానివ్వమన్నాను.

"అది ఇక్కడికి వచ్చేసరికి నువ్వు ఉండవమ్మాయ్. క్రాసింగు లేవార్డెన్ వైపు ముందున్న స్కార్నమ్‌కి మార్చారు. ఇప్పుడు మేం మోడరన్ అయిపోయాం, ఎవరికోసం ఆగం."

ఆగిపోతే బెప్పె వస్తుంది, పిల్లని తీసుకుంటుంది. కానీ నా పనివేళ దాటిపోతుంది, మార్లీన్ నవ్వుతుంది. ఎక్కితే పిల్లతో సహా లేవార్డెన్ చేరతాను, ముసలివాళ్ళ హోమ్‌లో పసిపిల్లని ఏం చేసుకోను? నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, ఇద్దరు కాలేజీ పిల్లలు తోపుడుబండి ముందు చక్రాలు పట్టుకుని లోపలికి లాగేశారు. వెనక చక్రాలతో పాటు నేనూ వెళ్ళాను.

బెప్పెకి ఫోన్ చేశాను. బెప్పెకి ఫోనంటే తను మాట్లాడటానికే, ఇంకొకళ్ళు చెప్పేది వినడానికి కాదు, మామూలుగా ఆపేసే ఉంచుతుంది. దౌవె నా పక్కనే నిలబడి ధైర్యం చెప్పాడు. స్కార్నమ్‌లో ఒకే ప్లాట్‌ఫారానికి చెరో పక్కన రెండు బండ్లూ ఆగుతాయి, తలుపు తెరుచుకోగానే పిల్లని అటు అందించి ఇటు ఎక్కేయమన్నాడు. ద్రాక్షపళ్ళ సంగతి మాత్రం ఈ వారానికి వదిలేయమన్నాడు. ఆ సంగతి అతనికెలా తెలుసని అడిగాను. ఈ లైను మీద తెలియనివాళ్ళు లేరట. వెనక సీట్లో ఊలు అల్లుకుంటున్న ఒకావిడ తల ఎత్తకుండానే, నిలువుగా కోయాలి కదా, అడ్డంగా కాదు, అంది.

స్కార్నమ్ వచ్చింది. అవతలి బండి అప్పటికే ఆగి ఉంది. దిగి పరుగెత్తాను, చంకలో నింకె. మూడో కిటికీలో బెప్పె కనిపించింది. పక్కనున్న ఎవరో పెద్దాయనకి చేతులు తిప్పుతూ చెబుతోంది. ఏం చెబుతోందో అద్దంలోంచి వినపడకపోయినా నాకు తెలుసు. అద్దం మీద కొట్టాను. బెప్పె చూసింది, సంబరంగా చెయ్యి ఊపింది. ఆ పెద్దాయనకి నన్ను చూపించింది, బహుశా ఈ అరగంట బండి పుణ్యాన కోడలు ఎదురొచ్చి పలకరిస్తోందని అయి ఉంటుంది. తర్వాత నా మొహం సరిగ్గా చూసింది. ఆ వయసులో అంత వేగంగా లేవగలదని నేను అనుకోలేదు.

తలుపు దగ్గరికి వచ్చి చేతులు చాపింది. నింకెని అందించాను. అందించాననే అనుకున్నాను. బెప్పె చేతుల్లో దాని నడుము పైభాగం ఉంది, నా చేతిలో దాని కాలు ఉంది. తలుపు మూసుకోబోతూ కీచుకీచుమనడం మొదలుపెట్టింది. పిల్ల సంచీ నా భుజానికే ఉంది, టోపీ తోపుడుబండిలో ఉంది, తోపుడుబండి నా రైల్లో ఉంది. ముక్కు కారుతోందని ఇంకా చెప్పనే లేదు. దౌవె వెనక నుంచి పిలుస్తున్నాడు. నా వేళ్ళు మాత్రం విడలేదు.

"వదులు, రిన్స్‌కె," అంది బెప్పె. వెక్కిరింపు లేదు, కోపం లేదు. స్టౌ మీదనుంచి గిన్నె దింపే మనిషికి చెప్పినట్టు చెప్పింది.

వదిలాను. తలుపు మూసుకుంది. నింకె ఏడవలేదు, అద్దానికి ముక్కు ఆనించి చూసింది. దౌవె నన్ను కోటు పట్టుకుని బండిలోకి లాగాక చూసుకుంటే నా చేతిలో దాని ఎర్ర బూటు ఉంది.

లేవార్డెన్ దాకా నేను ఆ బూటుతోనే మాట్లాడుకున్నాను. పనివేళకి చేరాను. ఖాళీ తోపుడుబండి చూసి మార్లీన్ లోపలికి తొంగి చూసింది, ఇంత చిన్నవాళ్ళని మేం చేర్చుకోం అంది. దాన్ని వరండాలో ఒక మూల పెడితే, ఇన్నాళ్ళూ ఊతానికిచ్చిన చక్రాల బండి పట్టుకుని నడవమంటే ససేమిరా అన్న ఒక ముసలావిడ దీన్ని మాత్రం పట్టుకుని, తన చేతిసంచీ అందులో పడుకోబెట్టి, వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. సాయంత్రం తిరిగి ఇమ్మంటే కొంచెం గొడవైంది.

మామూలుగా నేను ఇంటికి ఫోన్ మీద ఫోన్ చేస్తూ ఉంటాను. ఆ రోజు ఒక్కసారే చేశాను. ఇంటి ఫోన్ కాబట్టి బెప్పె ఎత్తక తప్పలేదు.

"పిల్ల ఉంది. కాలు కూడా ఉంది," అని పెట్టేసింది.

సాయంత్రం వెళ్ళేసరికి నింకె ఒక కాలికి సీట్సె ఊలు మేజోడు తొడుక్కుని, అది తొడ దాకా లాక్కుని, గర్వంగా తిరుగుతోంది. బెప్పె రైలు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తింది సీట్సె. మీ అరగంట బండి మా ఆవిడ బుధవారాన్ని మింగేసింది కదమ్మా అన్నాడు. టైమ్‌టేబుల్ రెండు వరసలూ చదవాల్సింది అంది బెప్పె. ఎవరు చదవాలో చెప్పలేదు. ఇక చేసేదేముంది, తను అరగంట ముందు బండికి వస్తానంది. అరగంట. నా వంటింట్లో. సీట్సె నవ్వబోయాడు. మేమిద్దరం ఒకేసారి అతని వైపు చూశాం, మానేశాడు.

మరుసటి బుధవారం ఆవిడ వచ్చి కూర్చుంది. కాఫీ పోశాను, ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టాను, మా దేశంలో మర్యాద అదే. బెప్పె కిటికీ వైపు కాసేపు చూసి, బయట మంచు పడుతోందా అని అడిగింది. మంచు లేదు, అద్దాలు నెల నుంచి తుడవలేదు. నేను చెప్పాల్సినవి మొదలుపెట్టాను. ప్లాట్‌ఫారం మీద ఎప్పుడూ సగంలోనే బండి కదిలేది కాబట్టి అవి ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. కాఫీ చల్లారకముందే అయిపోయాయి. ఇంకేమైనా ఉన్నాయా అని వెతుక్కున్నాను, లేవు. నింకె బల్ల కింద బెప్పె బూటు తాళ్ళు విప్పుతోంది. పిల్లకి పళ్ళు వస్తున్నాయి, అందుకే ముక్కు కారుతోంది, సీట్సెకీ అంతే అయ్యేది అంది బెప్పె. ఆ ఒక్క మాట నాకు ముందే తెలిసుంటే నెల రోజుల నిద్ర మిగిలేది.

"పో, అది నీకోసం ఆగదు," అంది తర్వాత. చేతిలో ఏమీ లేకుండా స్టేషనుకి నడిచాను.

ఆ రోజు మధ్యాహ్నం మార్లీన్ నన్ను పక్కకి పిలిచింది. కొత్త సంవత్సరం నుంచి నన్ను ఉంచుకుంటారట, చదువు కూడా మొదలవుతుంది. కాకపోతే బుధవారంతో పాటు శుక్రవారం కూడా కావాలంది. ఇంట్లో అడిగి చెబుతానన్నాను, అడగాల్సింది ఎవరినో ఆమెకి చెప్పలేదు.

ఫోన్ చేశాను. శుక్రవారం బెప్పెకి ఈత క్లాసు. ఆ సంగతి తనే చెప్పింది. అవతల నింకె ఏదో కింద పడేసిన చప్పుడైంది. నేను బతిమాలలేదు. ఉద్యోగం పోయినట్టేనని నాలో నేను అనుకుంటున్నాను.

"ఏ బండికి రమ్మంటావు?" అంది బెప్పె.

తర్వాత బండి అంటే స్కార్నమ్‌లో నిమిషంలో పని అయిపోతుంది, కాఫీ లేదు, కిటికీల మాట లేదు.

"ముందు బండికే రండి, బెప్పె."

"అయితే అద్దాలు తుడిచి ఉంచు," అని పెట్టేసింది.