నాలుగు గొట్టాల గాలి

భివండి ఊళ్లోని కనేరిలో రాజలింగం చింతగింజల పొడి కార్ఖానా పెట్టి తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లూ అందులో సంచులు నింపే ఆడవాళ్లు దగ్గుతూనే ఉన్నారు. ఆ దగ్గు ఎవరి చెవికీ ఎక్కలేదు. కిందటి వానాకాలం మాత్రం పొడి గోడ దాటి పక్క షెడ్డులో మగ్గాల మీద పడింది. తేమకు జిగటై, నేసిన బట్ట మీద బూజు మచ్చలు లేచాయి. అంతే, పక్కవాళ్లు ఒంటికాలి మీద లేచారు, కార్ఖానాల సంఘంలో పంచాయితీ పెట్టారు, పొడిని పట్టే యంత్రం పెట్టాల్సిందేనని నెల తిరగకుండా తీర్మానమైపోయింది. బట్టకు మచ్చ పడితే కొన్నవాడు తిప్పి పంపుతాడు. ఊపిరితిత్తికి మచ్చ పడితే తిప్పి పంపడానికి చోటేదీ? అందుకే తొమ్మిదేళ్లు పట్టింది.

ఏ యంత్రం పెట్టాలో ఎంచి, బిగించే పని కాల్హేర్‌లోని ఒక చిన్న కంపెనీకి వచ్చింది. యజమాని జీవన్ ఆ ఫైలు తెచ్చి శ్రద్ధ ముందు పెట్టాడు. డిప్లొమా చేసి ఆమె అక్కడ చేరి ఆరు నెలలు. ఇంతవరకు వేరేవాళ్లు గీసినవాటికి కొలతలు సరిచూడటమే పని. సొంతంగా ఇదే మొదటిది.

"కార్ఖానా మీ తెలంగాణవాళ్లదేగా. నువ్వు మాట్లాడితే వింటాడు," అన్నాడు జీవన్.

ఆ సంచులు నింపే ఆడవాళ్లలో ఒకామె శ్రద్ధ తల్లి ఓదెమ్మ అని అతనికి తెలియదు. శ్రద్ధ చెప్పలేదు. చెబితే ఫైలు ఇంకొకరి చేతిలోకి పోతుందని భయం. ఈ పని చేజారకూడదు. తల్లి కూర్చునే చోట పొడిని పీల్చే గొట్టం ఒకటి పెట్టాలి, అంతకుమించి ఆమెకు ఈ ఫైలుతో వేరే ఆశ లేదు.

డాక్టరు ఆ పొడిలో పని మానెయ్యమని రెండుసార్లు చెప్పాడు. "నీ నౌకరీ పక్కా కానియ్యి, గప్పుడు మానేస్త," అని ఓదెమ్మ రెండుసార్లూ ఒకటే మాట అంది. యాభై దాటిన మనిషికి మగ్గాల్లో పని లేదు, అసలు మగ్గాలే తుక్కు సామాను కింద పోతున్నాయి. పొడి కార్ఖానాకు రాకముందు ఆమె పదిహేనేళ్లు పవర్‌లూముల్లో తెగిన పడుగు పోగులు అతికింది. రెండు కొసలు కలిపి, బొటనవేలి మీదుగా ఒక చుట్టు తిప్పి, ఆవగింజంత ముడి వేసి, మిగిలిన కొసను పంటితో కొరికేస్తుంది. మగ్గం ఎంత ఊగినా ఆ ముడి ఊడదు. శ్రద్ధ టిఫిన్ డబ్బాకు చుట్టే గుడ్డనూ రోజూ అలాగే దారంతో ముడేస్తుంది. శ్రద్ధకు దాన్ని విప్పడం చేతకాదు. బ్యాగులో కత్తెర పెట్టుకుని మధ్యాహ్నం దారం కోసుకుని తింటుంది. చిన్నప్పుడు ఒకసారి నేర్పమని అడిగితే ఓదెమ్మ చెయ్యి విదిలించింది. "నువ్వు ముడులేసుడు నేర్వద్దు. సదువుకో పో," అంది.

"అవ్వా, మీ కార్ఖానాల మిషన్ నేనే పెడ్తున్న," అని ఫైలు వచ్చిన మర్నాడు పొద్దున శ్రద్ధ చెప్పింది. "నువ్వు సంచి నింపే కాడ కూడ గొట్టం పెడ్త."

ఓదెమ్మ దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుంది. "నా కాడెందుకు బిడ్డా? గింజలు పట్టే గిర్ని కాడ పెడితే సాలదా? సేటు ఏమన్న అనుకుంటడు."

"నీ కోసమే గద."

"గా మాట అక్కడ అనకు," అని మందలించింది. కానీ సాయంత్రానికి వాడలో ఎదురైన ప్రతి మనిషికీ తన బిడ్డ మిషన్ పెడుతోందని తనే చెప్పుకుంది.

రాజలింగం, శ్రద్ధ తండ్రి ఒకే రైలెక్కి భివండి వచ్చినవాళ్లు. తండ్రి మగ్గం దగ్గరే పోయాడు. రాజలింగం మగ్గాలు కొన్నాడు, అమ్మాడు, పొడిలోకి దిగాడు. పడుగు దారానికి గంజి పట్టించే సైజింగ్ కార్ఖానాల్లో సగం ఇప్పుడు అతని పొడితోనే నడుస్తాయి. మనిషి చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

"చెప్పు బిడ్డా, ఎన్ని తీర్లున్నయి?" అని, కార్ఖానాకు వచ్చిన శ్రద్ధ ముందుకు కుర్చీ లాక్కున్నాడు రాజలింగం.

"మూడు కాకా. ఒకటి, గాలిని గిర్రున తిప్పి పొడిని కిందికి రాల్చే డబ్బా. తక్కువల అస్తది. గని నీ పొడి మస్తు మెత్తగుంటది, సగం దానికి దొరకది. మల్ల పక్కోళ్ల బట్ట మీదనే."

"నీళ్లు సల్లి పట్టేది ఉంటదట గద?"

"చింతగింజల పొడి నీళ్లల్ల పడితే ఏమైతది కాకా?"

రాజలింగం పకపకా నవ్వాడు. "గంజైతది. గొట్టాల నిండ గంజే. వద్దు తియ్యి."

ఇక మిగిలింది గుడ్డ సంచుల యంత్రం. గాలి సంచుల్లోంచి బయటికి పోతుంది, పొడి గుడ్డకు అంటుకుని ఆగిపోతుంది, పైనుంచి కొట్టే గాలిదెబ్బకు కిందికి రాలుతుంది. గుడ్డ అనే మాట వినగానే రాజలింగం కళ్లు మెరిశాయి. "సాలోనికి గుడ్డ అమ్ముతవా నువ్వు? ఇంట్ల పాలిస్టర్ థాన్లు మూలుగుతున్నయి. ఎన్ని సంచులు గావాలె? నేను కుట్టిస్త."

"గా గుడ్డ పనికిరాదు కాకా. రాపిడికి చిటపట రవ్వలు లేస్తయి. గీ పొడి గాల్ల తేలినప్పుడు రవ్వ తగిలిందంటె బాంబు లెక్క పేలుతది. గొట్టాల్ల పేరుకున్నా గంతే. రవ్వ పుట్టనియ్యని గుడ్డ వేరే ఉంటది, గదే గావాలె. పేలితే ఒత్తిడి బయటికి పోయేటందుకు డబ్బాకు ఓ రేకు కిటికీ కూడ గావాలె."

షెడ్డు లేచిపోతుందనేసరికి రాజలింగం దిగొచ్చాడు. గుడ్డకు ఒప్పుకున్నాడు, కిటికీకి ఒప్పుకున్నాడు. శ్రద్ధకు లోలోపల పండగైంది. ఇక గొట్టాల లెక్క చెప్పింది. గిర్నికి రెండు, జల్లెడకు ఒకటి, పొడిని పైకి తోడే బకెట్ల వరుసకు ఒకటి, సంచులు నింపే చోట ఒకటి. ఐదూ కలిపి పీల్చాలంటే పెద్ద ఫ్యాను పెట్టాలి.

"ఫ్యాను జెర చిన్నది పెట్టు," అన్నాడు రాజలింగం.

"చిన్నదైతే ఐదింటికి సాలదు కాకా."

"అయితే ఐదోది తీసెయ్యి. సంచుల కాడ లేసిన పొడి బయటికి పోదు గద. షెడ్డులనే పడ్తది."

"అక్కడ మనుషులున్నరు."

"మీ అవ్వ కూడ ఉన్నది, నాకు ఎరుక లేదా? మూతికి గుడ్డ కట్టుకుంటరు," అన్నాడు. కోపంగా అనలేదు, చాయ్ తెప్పిస్తూ అన్నాడు.

శ్రద్ధ ఆఫీసుకు వచ్చి జీవన్‌కు జరిగింది చెప్పింది. అతను ఫైలు మూసి నవ్వాడు. "ఇంతేనా? గొట్టాలు ఐదూ పెట్టు, ఒక్కోదానికి తెరిచి మూసే అడ్డరేకు పెట్టు, ఫ్యాను అతనన్నదే పెట్టు. ఒకేసారి నాలుగు మాత్రమే తెరిచి ఉంచాలని కాగితంలో రాసెయ్యి."

"ఐదు చోట్లా పని ఒకేసారి నడుస్తుంది సార్."

"నీకు తెలుసు, నాకు తెలుసు. కాగితానికి తెలియదు. కాదంటావా, పని ఇంకొకరికి పోతుంది. వాళ్లు ఆ గిర్రున తిరిగే డబ్బా ఒకటి నిలబెట్టి పోతారు. సంచుల దగ్గర గొట్టమే ఉండదు."

రెండు రోజులు శ్రద్ధకు అన్నం సయించలేదు. అసలు లేనిదానికన్నా గొట్టమంటూ ఉండటం నయం కదా, ఎంతో కొంత పీలుస్తుంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. మనసుకు సర్దిచెప్పుకునే విద్యలో మనమంతా డిప్లొమాలు చేసినవాళ్లమే, ఆమెను అని ఏం లాభం? మూడో రోజు ఆ వాక్యం రాసి కింద సంతకం పెట్టింది.

యంత్రం నడిపి చూపించే రోజు సంఘం పెద్దలొచ్చారు, పక్క షెడ్డువాళ్లొచ్చారు. ఫ్యాను హోరుమంది. శ్రద్ధ గిర్ని గొట్టంలో మీటరు పెట్టింది. గాలి వేగం సెకనుకు ఇరవై మీటర్లు దాటాలి. అంతకు తగ్గితే పొడి గొట్టంలోనే పడిపోయి పేరుకుంటుంది. మీటరు పదహారు చూపించింది. గిర్ని అతుకుల్లోంచి పొడి పొగలా లేస్తోంది.

"ఏంది శ్రద్ధా, మల్ల పాత కథనేనా?" అన్నాడు రాజలింగం అందరి ముందు. పక్క షెడ్డాయన ముఖం మాడ్చుకున్నాడు.

"పైన గుడ్డ సంచులు చూసొస్త కాకా," అని శ్రద్ధ నిచ్చెనెక్కింది. పైన చూడ్డానికేమీ లేదని ఆమెకు తెలుసు. ఏడుపు దిగమింగుకోవడానికి ఎక్కింది. కాసేపటికి దిగి వచ్చి భయంభయంగా మీటరు పెడితే ఇరవై ఒకటి. గిర్ని చుట్టూ గాలి అద్దంలా ఉంది. ఎలా పెరిగిందో ఆమె వెతకలేదు. గండం గడిచినప్పుడు వెతికేవాళ్లు తక్కువ. రాజలింగం "మన పిల్ల!" అని భుజం తట్టి పేడాలు పంచాడు. గోనె పరదా వెనక, సంచుల దగ్గర నుంచి ఓదెమ్మ వచ్చి దూరంగా నిలబడింది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఆ నెలలోనే శ్రద్ధ నౌకరీ పక్కా అవుతుందని జీవన్ మాటిచ్చాడు.

మూడు నెలలు గడిచాయి. నౌకరీ పక్కా అయింది. ఓదెమ్మ పని మానలేదు, "గొట్టం పెట్టినవు గద, ఇంకేం భయం," అంది. దగ్గు తగ్గలేదు సరికదా, మెట్లెక్కుతూ మధ్యలో కూర్చోవడం మొదలైంది.

"గొట్టం మంచిగ గుంజుతాందా అవ్వా?"

"మస్తు గుంజుతాంది. నీ మిషన్‌కేంది బిడ్డా!"

తల మీద, రెప్పల మీద పొడి కనిపించేది కాదు, శ్రద్ధ నమ్మింది. ఓదెమ్మ రోజూ కార్ఖానా నల్లా దగ్గరే తలా మొహమూ కడుక్కుని ఇంటికొస్తోందని ఆమెకేం తెలుసు?

గుడ్డ సంచులు దులిపి చూసే పని మీద ఒకరోజు శ్రద్ధ చెప్పకుండా వెళ్లింది. గిర్ని దగ్గర అంతా శుభ్రంగానే ఉంది. గోనె పరదా తీసింది. లోపల తెల్లటి మబ్బు. ఆ మబ్బులో నలుగురు ఆడవాళ్లు కళ్లు మాత్రం బయటపెట్టి సంచులు నింపుతున్నారు. అందులో తన తల్లి ఎవరో పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. నెత్తి మీద గొట్టం ఉంది. దాని అడ్డరేకు మూసి ఉంది. రేకు అదురుకు తెరుచుకోకుండా పిడిని గొట్టానికి దారంతో కట్టారు. ఆవగింజంత ముడి. కొస పంటితో కొరికి ఉంది.

శ్రద్ధ ఆ ముడిని వేలితో తాకింది. "ఎన్నడు కట్టినవ్ అవ్వా?"

ఓదెమ్మ మూతి గుడ్డ కిందికి దించింది. "నువ్వు నిచ్చెన ఎక్కినవు గద, గప్పుడు. అందరి ముంగట నీ మిషన్ ఫెయిలైందంటరని నాకు పానం ఆగలే. ఒకటి మూస్తె అటు మంచిగ గుంజుతదేమో అని మూసిన. గుంజింది." ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆమె గొంతులో కొంచెం గర్వం ఉంది. "మల్ల తెరుస్తె మల్ల నీ పేరే పోతది గద."

శ్రద్ధ బ్యాగులోంచి కత్తెర తీసి దారం కోసింది. రేకు లాగింది. మబ్బు గొట్టంవైపు కదిలింది. నిమిషంలో నలుగురి మొహాలూ తేటపడ్డాయి. అంతలోనే గిర్ని దగ్గర పనిచేసే భూషణ్ అరుపు వినిపించింది. "ఓ మేడం, బంద్ కరా! బంద్ కరా!" అటు పరుగెత్తి చూస్తే గిర్ని అతుకుల్లోంచి పొడి చిమ్ముతోంది. భూషణ్ చేతులతో మొహం కప్పుకున్నాడు. మీటరు పదహారు. గిర్ని ఒళ్లు వేడిగా ఉంది. పొడి ఇప్పుడు ఆ గొట్టాల్లో పడుతూ ఉంటుంది, రోజుకింత పేరుకుంటుంది. దానికి ఒక్క రవ్వ చాలు. ఆ సంగతి ఈ కార్ఖానాలో అందరికీ నేర్పింది తనే.

శ్రద్ధ సంతకం పెట్టిన కాగితం పట్టుకుని రాజలింగం వచ్చాడు.

"గిర్ని ఆపు కాకా. పెద్ద ఫ్యాను పెట్టాలె," అంది శ్రద్ధ.

"ఆపుత. ఫ్యాను అచ్చేదాక అందరు ఇండ్లల్ల కూసుంటరు. గని నాలుగే తెరవాలని గీ కాగితంల రాసింది నువ్వు. నేను గట్లనే నడిపిస్తున్న. ఐదోది మూసింది మీ అవ్వ, నేను చెప్పలే." కాగితం, పెన్ను ముందుకు చాపాడు. "గీ రాత తప్పని గిక్కడనే రాసియ్యి. ఇప్పుడే బంద్ చేస్త."

అతను మోసంగా అనలేదు. రాస్తే ఆపేవాడే. పెన్ను శ్రద్ధ వేళ్ల మధ్యకు వచ్చింది. రాస్తే నౌకరీ ఉండదు, జీవన్ ఆ సంతకం కింద ఆమెను ఒంటరిగా నిలబెడతాడు. ఆమె తల్లివైపు చూసింది. ఓదెమ్మ వద్దని తలూపింది. తక్కిన ముగ్గురు ఆడవాళ్లు నేలవైపు చూస్తున్నారు. వాళ్లకు రోజు కూలి పోతే పొయ్యి వెలగదు. శ్రద్ధ పెన్ను తిరిగి ఇచ్చేసింది. తల్లి వద్దంది కాబట్టి ఇచ్చానని తర్వాత చాలా రోజులు చెప్పుకుంది. కానీ తల్లి తల ఊపకముందే తన వేళ్లు వదులయ్యాయని ఆమెకు తెలుసు.

"అయితే ఎట్ల?" అన్నాడు రాజలింగం. అటు గిర్ని ఇంకా చిమ్ముతోంది.

శ్రద్ధ పరదా వెనక్కి వెళ్లి అడ్డరేకును తన చేత్తో మూసింది. ఫ్యాను హోరుకు రేకు మళ్లీ జరగబోయింది. ఓదెమ్మ కొంగున చుట్టి ఉన్న దారం తీసింది కానీ, దగ్గు తెర వచ్చి చేతులు వణికాయి. కొసలు కలవలేదు. రెండుసార్లు ప్రయత్నించి దారం కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వు ఎయ్యి బిడ్డా. బొటనవేలి మీదికెల్లి ఒక సుట్టు తిప్పు. ఆఁ, గట్ల. గిప్పుడు గుంజు."

మబ్బు మళ్లీ దిగింది. శ్రద్ధ గుంజింది.

"ఇంక గట్టిగ," అంది ఓదెమ్మ. "ఊడొద్దు."

శ్రద్ధ ఇంకా గట్టిగా గుంజి, మిగిలిన కొసను పంటితో కొరికింది.