ఒట్టి గాలి చప్పుడు

స్వరపేటిక తీసేసే ఆపరేషన్‌కి ముందు అస్సార్ వారం రోజులు వంటింట్లో కూర్చుని తన మాటలన్నీ ట్యాబ్లెట్‌లో రికార్డు చేసుకున్నాడు. కట్టెలు తెస్తానని ఒకటి, కుక్కని బయటికి వదలమని ఒకటి, పక్కింటివాడి మీద నాలుగు తిట్లు. ఆపరేషన్ అయ్యాక ఏ బొమ్మ నొక్కితే ఆ మాట అతని గొంతుతోనే బయటికొచ్చేది.

అన్నిటికంటే ఎక్కువగా నొక్కేది ఆకుపచ్చ బొమ్మ. అది ‘అవును’. స్వీడన్ ఉత్తరాది ఊళ్లలో అవునని నోరు తెరిచి చెప్పడం దండగ. పెదాలు సున్నాలా చుట్టి గాలిని చప్పున లోపలికి పీలుస్తారు, అంతే. నలభయ్యేళ్ల కాపురంలో భార్య గున్‌హిల్డ్ అతని నోట ఎక్కువగా విన్నది ఆ చప్పుడే. పెళ్లినాడు పాస్టర్ అడిగినప్పుడూ అదే జవాబు. ఇప్పుడు మెడ మీద రంధ్రంతో ఊపిరి తీసుకునే మనిషికి ఆ చప్పుడు ట్యాబ్లెట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

అలాంటి ట్యాబ్లెట్‌కి దాని కంపెనీవాళ్లు కొత్త వెర్షన్ అంటగట్టారు. పాతది నెలాఖరుకి ఆగిపోతుంది, రెండు వేల క్రోనర్లు కట్టండి అని రోజూ తెర మీద ఒకటే నస. ‘తర్వాత గుర్తుచేయి’ అనే మీట ఉంది గానీ ‘వద్దు’ అనేదే లేదు, సిగ్గులేని మనుషులు. గున్‌హిల్డ్ తిట్టుకుంటూనే కట్టింది.

మర్నాడు పొద్దున “కాఫీ పొయ్యనా?” అని అడిగింది. అస్సార్ ఆకుపచ్చ బొమ్మ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. మిగతా మాటలన్నీ ఉన్నాయి, కొత్తగా తోమిన గిన్నెల్లా మెరుస్తూ. అదొక్కటే లేదు. తప్పు తన వేలిదేమో అన్నట్టు అతను వేలి వంక చూసుకున్నాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే పలికింది మనిషి కాదు, మర.

“మీ సమస్య కొత్త వెర్షన్ గురించా? అవును, లేదా కాదు అని చెప్పండి.”

గున్‌హిల్డ్ అలవాటు కొద్దీ గాలి పీల్చింది.

“మీ జవాబు వినపడలేదు.”

ఇంకాస్త గట్టిగా పీల్చింది. మర ఫోన్ పెట్టేసింది. రెండోసారి ఆమె పట్నంవాళ్లలా నోరు సాగదీసి “అవును” అంది. అది తన నోట్లో పరాయివాళ్ల పళ్లసెట్టులా తోచి వెగటు పుట్టింది.

చాలాసేపు పాట వినిపించాక మెల్కెర్ అనేవాడు దొరికాడు.

“చూశానండీ గున్‌హిల్డ్ గారూ. ఆ రికార్డింగులో మాటేమీ లేదు. ఒట్టి గాలి చప్పుడు. అలాంటి చెత్తని కొత్త వెర్షన్ తనే ఊడ్చేస్తుంది.”

“చెత్త కాదయ్యా. అది మా ఆయన చెప్పే ‘అవును’.”

“మాట లేదు కదండీ అందులో.”

“నీది ఏ ఊరు?”

“స్టాక్‌హోమ్ అండీ.”

“అదీ సంగతి. పాతది ఎప్పట్లాగే పెట్టు.”

“ఊడ్చేశాక ఉండదండీ. పాతవి దాచే సదుపాయం పై ప్లాన్‌వాళ్లకే. తేలికైన దారి ఒకటుంది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్కటీ మళ్లీ చెప్పించి రికార్డు చెయ్యండి. నిమిషం పని.”

గొంతు పోయినవాళ్లకి సరుకమ్ముకుని బతికే కంపెనీ ఇది. బల్లకి అటువైపు అస్సార్ అంతా వింటున్నాడు. మెడకి కట్టుకున్న గుడ్డ ఊపిరికి ఎగిరిపడుతోంది.

“హలో, ఉన్నారా? మీ సమస్య తీరినట్టేనా అండీ?”

అస్సార్ ట్యాబ్లెట్‌ని ఫోన్ దగ్గరికి లాగి ఎర్ర బొమ్మ నొక్కాడు.

“కాదు,” అంది ట్యాబ్లెట్. మళ్లీ నొక్కాడు. “కాదు. కాదు. కాదు.”

“అబ్బ, ఎంత స్పష్టంగా ఉందండీ గొంతు,” అన్నాడు మెల్కెర్ మురిసిపోతూ. “అదేనండీ కొత్త వెర్షన్ గొప్పతనం. సరే, సమస్య తీరిందని రాసుకుంటున్నా.”

గున్‌హిల్డ్ ఫోన్ పెట్టేసి, చేతికి ఏదో అంటినట్టు చెయ్యి గౌనుకి తుడుచుకుంది. పొయ్యి మీంచి కెటిల్ దించింది.

“కాఫీ పొయ్యనా?”

అస్సార్ కప్పు ముందుకు జరిపాడు. ఆ చప్పుడు వినపడితే గానీ పోసే అలవాటు లేని ఆమె చెయ్యి, కెటిల్ పట్టుకుని, అలాగే ఆగిపోయింది.