మూడు నుంచి తొమ్మిది దాకా

మెలెనైతె పాటను హోగన్ తుడిచేశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. నాలుగేళ్లుగా పౌలియసి ఈ మాట మా దీవిలోని నేయాఫు ఊళ్లో కనబడినవాళ్లందరికీ చెప్పాడు, ఒక్క హోగన్‌కు తప్ప.

పౌలియసి మా మిషన్ హైస్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పాడు. అతని భార్య మెలెనైతె బడి పిల్లలకు పాటలు నేర్పేది. పెద్ద నల్లబల్ల అతని గదిలోనే ఉంది కనక సాయంత్రాలు అక్కడే నేర్పేది. మా దగ్గర బాణీలన్నీ అంకెల్లోనే రాస్తారు. మూడు నుంచి తొమ్మిది దాకా ఏడు అంకెలు, ఏడు స్వరాలు. పాటల పుస్తకంలోని పాత కృతజ్ఞతా కీర్తనకు ఆమె కొత్త బాణీ కట్టి, బల్ల పైమూల నాలుగు వరుసలు రాసింది. మొదటి వరుస నేర్పింది. రెండోది నేర్పేలోగా జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజున పోయింది.

ఆమె దాన్ని కాగితం మీద పెట్టలేదు. పౌలియసీ పెట్టలేదు. రోజూ కళ్లెదురుగా ఉన్నదాన్ని రాసుకోవాలని ఎవరికి తోస్తుంది? పైగా ఊరంతటికీ గొంతుంది, అతనికి లేదు. చర్చిలో పెదవులు కదిపి ఊరుకునే రకం. ఆ మూల ముట్టకుండా మిగతా బల్ల మీద పాఠం చెప్పేవాడు. సెలవుల్లో కొత్త ప్రిన్సిపాల్ హోగన్ గదులన్నీ నల్లబల్లలతో సహా కడిగించాడు. ఆక్లాండ్ మనిషి.

"పాత లెక్కలే కదండీ, మళ్లీ రాసుకోండి" అన్నాడు, ఖాళీ బల్ల ముందు నిలబడ్డ పౌలియసితో.

ఆ రోజు నుంచి తరగతి మొదట్లో ప్రార్థన పౌలియసి చేయలేదు. పిల్లల్లో ఒకరు చేసేవారు. అతను కళ్లు తెరుచుకుని నిలబడేవాడు. దేవుణ్ణి నమ్మడం మానలేదు. దేవుడితో మాట్లాడటం మానాడు.

అతను రిటైరయ్యే వారంలో లోసేలి వచ్చింది. బల్ల మీద ఏముంటే అది, తేదీతో సహా, దించేసే పిల్ల. అందుకే ఆమెను ఫోటోకాపీ మిషను అని పిలిచేవాడు.

"మాస్టారూ, కోప్పడనంటే ఒకటి చూపిస్తా."

"కోప్పడతాను. చూపించు."

"పరీక్షకని పాత నోట్సులు వెతుకుతుంటే దొరికింది. అప్పట్లో ఇదీ లెక్కే అనుకుని ఎక్కించేశా."

"పాట లెక్కెలా అవుతుందే?"

"లెక్కల మాస్టారి బల్ల మీద ఉంటే ఏదైనా లెక్కే కదండీ. కూడాను కూడా. ఐదొందల పద్నాలుగొచ్చింది."

పౌలియసి పుస్తకం అందుకున్నాడు. నాలుగు వరుసలూ ఉన్నాయి. గీతలు, చుక్కలు, ఒక్కటీ పోలేదు. వాటి మీద అడ్డంగా ఎర్రసిరా గీత. పక్కన అతని దస్తూరీయే: "లెక్కల పుస్తకంలో చెత్త రాయకు."

తేదీ చూశాడు. అప్పటికి మెలెనైతె బతికే ఉంది.

"నాలుగేళ్లుగా ఊరంతా చెప్పుకుంటున్నాను. నీ చెవిన పడలేదా?"

"పడింది మాస్టారూ. కానీ మీరు కొట్టేశారు కదా, నేను రాసిందే తప్పేమో అనుకున్నా."

అతను నాలుగు వరుసల మీదా ఒకసారి వేలు జరిపాడు. తర్వాత, "కూడిక తప్పు" అన్నాడు. "ఐదొందల పదమూడు."

"అంత చప్పున ఎలా కూడారండీ?"

"దినమూ చూసినవే. మొత్తం గుర్తుండిపోయింది, అంకెల క్రమమే పోయింది. బల్ల మీద ఎక్కించు. అందరినీ పిలువు."

వీడ్కోలు రోజున అతను భార్య పోయినప్పటి నుంచి వేసుకునే నల్లబట్టలతోనే, మా మర్యాద ప్రకారం నడుముకు చాప చుట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. పిల్లలు ముందు అంకెలు పాడారు, తర్వాత మాటలు. రెండో వరుస దగ్గర బాణీ అతను ఊహించని వైపు పైకి లేచింది. మెలెనైతె అటు వెళ్లిందని అతనికి ఇన్నేళ్లూ తెలియదు. లేని గొంతుతో అతనూ అందుకున్నాడు. పక్కనున్న పాస్టరు కాస్త జరిగాడు.

ముగింపు ప్రార్థన చేయనని ముందే చెప్పినవాడు, ఎవరూ అడగకుండానే లేచాడు. ముప్పై మూడేళ్లు, సుద్దముక్కలు, లెక్క రాని పిల్లలు, వచ్చిన కొద్దిమంది, మెలెనైతె, ఏదీ వదలకుండా దించుకునే పిల్ల, అన్నీ ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పాడు. ఏమీ అడగలేదు. కూర్చున్నాడు.

బయట చేమాకుల్లో మాంసం చుట్టి వండిన లూ పొట్లాలు విప్పుతుండగా హోగన్ వచ్చి చేయి పట్టుకున్నాడు.

"ఎంత బాగుందండీ ఆ పాట. ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?"

లోసేలి నోరు తెరిచింది. "సార్, అది మీరే ఆ రోజు..."

"లోసేలీ, తిను" అన్నాడు పౌలియసి.

హోగన్ వెళ్లాక ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఆయన్ని క్షమించేశారా మాస్టారూ?"

"లేదు."

"మరి చెప్పొచ్చుగా?"

పౌలియసి ఆమె ఒళ్లో ఉన్న పాత పుస్తకం వైపు చూశాడు. ఎర్రగీత ఉన్న పేజీ అది.

"ఆ తుడవడం సంగతి ఇక నా ముందు ఎవరూ ఎత్తకూడదు. నేనూ ఎత్తను" అని, పొట్లం ఆమె వైపు జరిపాడు.