కట్టేయని కుళాయిలు

సుడిగాలి మా ఊరి మీద ఉన్నది కాసేపే. ఆ కాసేపట్లోనే బస్టాండు రేకుల్ని మార్కెట్ మీద, మార్కెట్ బల్లల్ని బస్టాండు మీద పెట్టి పోయింది. మర్నాడు పొద్దున మున్సిపాలిటీ కౌన్సిల్ హాలుకు సగం కప్పు లేదు. ఎండలోనే బల్ల వేసుకుని, ఊరి మ్యాపు ఎగిరిపోకుండా నాలుగు మూలలా టీ గ్లాసులు పెట్టి పని మొదలెట్టాం. చెప్పొద్దూ, ఆ హాల్లో అంత హుషారు నేనెన్నడూ చూడలేదు. మీటింగంటే కుర్చీల కోసం కొట్టుకునే కౌన్సిలర్లు రంపాలు భుజాన వేసుకుని, రోడ్ల మీద పడిన చెట్లు కోయడానికి బయల్దేరారు.

నేను నీటి సరఫరా ఇంజినీర్ని. జనరేటర్ తగిలించి పంపు ఆన్ చేయగానే అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు విడిచి నేను కూడా కొట్టుకున్నాను. అంతలో ఆసుపత్రి నుంచి పిన్ని ఫోన్ చేసింది.

"ఇక్కడ చుక్క రాలేదే. మీ బాబాయికి ఆయాసం ఎక్కువైంది. సాయంత్రంలోపు మిషన్ పెట్టకపోతే ఇక మా చేతుల్లో లేదంటున్నారు డాక్టరు గారు."

బాబాయి నన్ను పెంచిన మనిషి. కిడ్నీలు రెండూ పాడై, రోజు విడిచి రోజు డయాలసిస్‌తో నెట్టుకొస్తున్నాడు. నిన్నటి వంతు సుడిగాలి మింగేసింది. డయాలసిస్‌కి బోలెడు నీళ్లు కావాలి. ఆసుపత్రి ట్యాంకు పగిలింది. పక్క ఊరి ట్యాంకర్లు కూలిన చెట్లకు అవతలే ఆగిపోయాయి. ఇక దిక్కు నా పైపే.

పిన్ని ఫోన్ ఆయనకిచ్చింది. "ఏమే," అన్నాడు పీలగా, "ఇంట్లో కుళాయి కట్టేసే వచ్చావా?"

నా చిన్నప్పటి నుంచీ గడప దాటే ప్రతివాళ్లనీ ఆయన అడిగే ప్రశ్న అది. ప్రాణం మీదికొచ్చినా అదే గోల. "కట్టేశాలే బాబాయ్," అని కసిరి ఫోన్ పెట్టేశాను.

పెట్టేసి తలెత్తితే, వరండాలో ఆఫీసు కుళాయి. బార్లా తెరిచి ఉంది. బకెట్ నిండి, పొంగి, మెట్ల మీదుగా పారుతోంది.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. మా ఊళ్లో నీళ్లు ఆగిపోతే ఎవరూ కుళాయి కట్టరు. తిప్పి, కింద బకెట్ పెట్టి వదిలేస్తారు, వచ్చినప్పుడు చప్పుడుకు తెలుస్తుందని. నిన్న కరెంటు పోయి నీళ్లాగగానే ఊరంతా అదే పని చేసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బడి భవనంలోకి పరిగెత్తింది. ఆసుపత్రి పైపు నాలుగు వీధుల మీదుగా పోతుంది. ఆ వీధుల వాల్వులు కూలిన గోడల కింద ఉన్నాయి. నేను పంపిస్తున్న నీళ్లన్నీ మనుషుల్లేని ఇళ్లు కడిగి మురిక్కాలువలో కలుస్తున్నాయి.

మైకున్న చెత్తబండి ఎక్కి బడి ముందుకు పోయాను. "నీళ్లు వదిలాం. దయచేసి మీ కుళాయిలు కట్టేయండి," అని అరిచాను. నీళ్లు వదిలాం అన్నంతవరకే విన్నారు మహానుభావులు. బిందెలు, బకెట్లు పట్టుకుని ఇళ్లకు పరిగెత్తి, కట్టి ఉన్న నాలుగు కుళాయిలూ తెరిచారు. ఊరి ట్యాంకులో మట్టం ఇంకా పడిపోయిందని పంపు దగ్గర్నుంచి కబురొచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చైర్‌పర్సన్ గారు చెట్టు కొమ్మలు దాటుకుంటూ వచ్చింది. ఆవిడకీ నాకూ మొదట్నుంచీ పడదు. ఫైలు తెరిచిన పాపాన పోదు. సంగతంతా విని చెయ్యి చాపింది.

"ఎవరి కుళాయి వాళ్లు కట్టుకోమంటే ఎవరు కడతారు ఇంజినీరమ్మా? ఇటివ్వు." మైకు లాక్కుంది. "అందరూ వినండి. ఆసుపత్రిలో మిషన్లకు నీళ్లందట్లేదు, మనుషులు పోయేలా ఉన్నారు. మీ కుళాయి సంగతి వదిలేయండి. పక్కింటి కుళాయి చూడండి. తెరిచి ఉంటే కట్టేసి, ఎవరిదో వచ్చి నాకు చెప్పండి. మైకులో చదువుతా."

ఇక చూడాలి మా ఊరిని. ఏళ్ల తరబడి దాచుకున్న పంతాలన్నీ ఆ పూట అక్కరకొచ్చాయి. హెడ్మాస్టారి వంటింటి కుళాయని ఒకరు, బ్యాంకు మేనేజరు స్నానాలగది అని ఇంకొకరు, రొప్పుతూ వస్తున్నారు. పేరు వినపడ్డవాళ్లు చెప్పినవాళ్లింటికి ఎదురు పరుగు తీస్తున్నారు. చైర్‌పర్సన్ గారు తన మేడ మీది కుళాయిని కూడా తనే చదివింది. నవ్వులే నవ్వులు. కబురు కబురుకీ ట్యాంకులో మట్టం లేస్తోంది. నా గుండె ఎగిరెగిరి పడుతోంది. ఆ క్షణాన ఆవిడ కాళ్లకు దండం పెట్టమన్నా పెట్టేదాన్ని.

పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. "పైపులో గురగుర చప్పుడొస్తోంది. గాలే, నీళ్లు లేవు. మీ బాబాయి మాట్లాడట్లేదే, కళ్లు మూసుకునే ఉన్నాడు."

 ఆ పైపు మీద ఆసుపత్రికి ముందు ఇక మిగిలింది మా వీధి ఒక్కటే.

అప్పుడే మా పక్కింటావిడ మోకాళ్లదాకా తడిసి, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పోయిన వేసవి నుంచీ మాకు మాటల్లేవు. ఇంజినీరుగారి ఇల్లని కంట్రాక్టరు మా ఇంటికి లావుపాటి పైపు వేశాడనీ, వీధి నీళ్లన్నీ మాకే పోతున్నాయనీ ఆవిడంటే, నోటికొచ్చినట్టు మాట్లాడొద్దని నేను విసురుగా తలుపేశాను. ఆవిడ చైర్‌పర్సన్‌కి చెప్పలేదు. మైకు తనే అందుకుంది.

"నీటి సరఫరా ఇంజినీరుగారి ఇల్లు. పెరటి కుళాయి, స్నానాలగది కుళాయి. రెండూ బార్లా తెరిచున్నాయి. ఆవిడ ఇల్లే కదాని ఎవరూ చూళ్లేదు."

ఊరంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. నిన్న చీకట్లో ఆఫీసుకు పరిగెత్తుతూ రెండూ తిప్పి చూసి వదిలేసింది నేనే.

ఆవిడ మైకు దించి నా దగ్గరికొచ్చింది. "కట్టేశాను. మీ వీధి తలుపు గాలికి ఎగిరిపోయింది. అడ్డంగా మంచం పెట్టొచ్చాను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అన్నయ్యగారికి ఎలా ఉంది?" అని అడిగింది.

 ఆవిడ తడి చేతులు రెండూ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇద్దరం ఫోన్ వంకే చూస్తున్నాం. అది మోగడానికి ఒక యుగం పట్టింది.

పిన్ని ఏడుస్తోంది, నవ్వుతోంది. వెనకాల నీళ్ల చప్పుడు. మిషన్ పెట్టారట. కళ్లు తెరిచాడట. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది.

"కిటికీలోంచి మైకు వినపడింది," అన్నాడు బాబాయి, మాట మాటకీ ఆగుతూ. "కట్టేశాలే అన్నావు."

నాకు ఏడుపాగలేదు. "కట్టేశాం బాబాయ్. ఈసారి నిజంగానే."

పక్కింటావిడ ఫోన్ మీదికి వంగింది. "ఆవిడ కాదు అన్నయ్యగారూ," అంది. "నేను కట్టాను."