తూర్పుగాలి తిరిగొచ్చిన సాయంత్రం

మక్కచేను మధ్యలో ఉన్న మంచె ఎక్కితే తప్ప ఆ లంబాడీ తండాలో ఫోనుకు సిగ్నల్ దొరకదు. కింద నిలబడి చెయ్యి ఎంత పైకెత్తినా లాభం లేదు. అందుకే సంగీత పాల్వంచలో డ్యూటీ ముగించుకుని బస్సు దిగగానే ఇంటికైనా పోకుండా నేరుగా వచ్చి మంచె ఎక్కేస్తుంది. అక్కడ ఆమె దాదీ, అంటే నాయనమ్మ, కమ్లి ఒళ్లో రాళ్లు విసిరే వడిసెల పెట్టుకుని కూర్చుని ఉంటుంది. చేను దాటితే అడవి. అడవిలోంచి పందులు వస్తాయి, పైనుంచి చిలకలు దిగుతాయి. ముసలామె రెండింటినీ సమానంగా తిడుతుంటే మనవరాలు ఫోను తీస్తుంది.

తీసి ఏం చేస్తుందంటే, కత్తి పట్టిన వీరవనిత అవుతుంది. నవ్వకండి. అదొక ఆట. బొమ్మలుండవు, చప్పుళ్లుండవు, ఉన్నవన్నీ అక్షరాలే. ఎవరో పుణ్యాత్ములు తెలుగులో అల్లిపెట్టారు. ‘ఉత్తరానికి వెళ్లు’ అని రాస్తే, ‘నువ్వు ఉత్తరానికి నడిచావు. మంచులో ఒక కోట కనిపిస్తోంది’ అని జవాబొస్తుంది. ఆ కోటలో శ్వేతద్వార వీరమండలి ఉంది. అందులో ఎవరిది ఏ ఊరో, ఎవరి అసలు పేరు ఏమిటో ఒకరిది ఒకరికి తెలియదు, అడగరు కూడా. సంగీత అక్కడ తన పేరు కమ్లి అని పెట్టుకుంది. ఆ సంగతి దాదీకి చెబితే, “నా పేరు పెట్టుకుని ఎవల్నన్న కొట్టినవా లేదా?” అని మాత్రం అడిగింది.

పాల్వంచలో ఆమె పనిచేసే ప్లాంటు ల్యాబులో సంగీతను అందరూ ‘ల్యాబమ్మాయి’ అంటారు. క్యాంటీన్లో ఆమె పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది. మండలి సభలో మాత్రం ఆమె పేరు చెక్కిన ఆసనం ఒకటి ఉంది. అది ఇప్పించినవాడు తూర్పుగాలి అనే వీరుడు.

ఆటలోకి అడుగుపెట్టిన మొదటిరోజు ఆమె అక్షరాల అడవిలో దారి తప్పింది. భయమేసి, ఆజ్ఞలు మరచిపోయి, ‘అన్నా, తొవ్వ ఎటు?’ అని రాసింది. ‘ఈ ఆజ్ఞ నాకు తెలియదు’ అంది ఆట. మళ్లీ రాసింది, మళ్లీ అదే జవాబు. అప్పుడు తెర మీద ఒక వరస వచ్చింది: ‘తూర్పుగాలి నీకు దివిటీ ఇచ్చాడు. నా వెనకే రా చెల్లీ, అన్నాడు.’ అంతే. ఆ ఒక్క మాటకు ఆమె ఆ కోటకు కట్టుబడిపోయింది.

మక్కలు విత్తిన రోజుల్లో ఆ తూర్పుగాలి చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. కంకి పాలుపట్టింది, గట్టిపడింది, అతను రాలేదు. మండలిలో ఒక ఆచారం ఉంది. రాని వీరుడి ఆసనం దగ్గర ఎవరో ఒకరు రోజూ దీపం పెడుతుంటే ఆ ఆసనం అతనిదే. దీపం ఆగిన రోజు అది కొత్తవాళ్లకు పోతుంది. సంగీత వానలో కూడా యూరియా సంచి కప్పుకుని మంచె ఎక్కి దీపం పెట్టింది. చివరికి మండలి పెద్ద, దండనాయకుడు, మెత్తగానే చెప్పాడు: ‘కొత్తవాళ్లు వరసలో ఉన్నారు కమ్లీ. ఈ పున్నమి దాకా చూద్దాం.’

ఆ పున్నమి వచ్చేసింది. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు, అప్పుడే చెట్ల మీద చంద్రుడు లేచాడు. అడవిలోంచి పలచగా మంచు దిగి చేనంతా పాకింది. మంచె కింద నేల కనిపించడం మానేసింది. ఫోనులో మంచు ఏదో, బయట మంచు ఏదో సంగీతకు తేడా తెలియలేదు. ఇదే ఆఖరి దీపం అనుకుంది. ‘దీపం పెట్టు’ అని రాసింది.

‘నువ్వు దీపం పెట్టావు. ఆ వెలుగులో, ద్వారం దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.’

తర్వాత ఇంకో వరస: ‘తూర్పుగాలి సభలోకి వచ్చాడు.’

సంగీత కెవ్వున అరిచింది.

“ఏందే, తేలు కుట్టిందా?” అంది దాదీ. ఇద్దరి మాటా లంబాడీలోనే సాగుతుంది. మన కోసం తెలుగులో చెప్పుకుంటున్నాం.

“ఆయనొచ్చిండు దాదీ! నేను రోజూ దీపం పెట్టేటాయన!”

“ఎన్నాళ్లకొచ్చిండు! మరి చూసుకుంట కూసున్నవేందే? ఏడువు!”

తండాలో పద్ధతి అదే. చాలాకాలానికి మనిషి వస్తే నవ్వుతూ ఎదురుపోరు. మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడుస్తారు. దూరమైన రోజులన్నీ ఆ ఏడుపులో కడిగేశాకే క్షేమసమాచారాలు, ఆ తర్వాతే మంచినీళ్లు. ఏడవకుండా లోపలికి పిలిస్తే అది మర్యాద కాదు.

“ఫోన్ల ఎట్ల ఏడ్వాలె దాదీ?”

“నేనేడుస్త. నువ్వు రాయి.”

కమ్లి ముసుగు ముఖం మీదికి లాక్కుంది. తూర్పుగాలి మెడ దొరకదు కాబట్టి మనవరాలి మెడనే కావలించుకుంది. రాగం ఎత్తుకుంది. సంగీతకు అప్పటికే కళ్లు కారుతున్నాయి. దాదీ భుజం మీదుగా ఫోను పట్టుకుని రాసింది:

‘ఓ నా అన్నా, ఏ అడవి దాచింది నిన్ను, అన్నా. వానలొచ్చి నీ అడుగులు తుడిచాయి, అన్నా. నీ దీపం ముందర నా కళ్లు కాయలు కాశాయి, ఓ నా అన్నా.’

సభలోంచి జవాబులు మొదలయ్యాయి. ముందు ఒక వరస: ‘ఒక వీరుడు కత్తి దించాడు.’ వెంటనే మరొకటి: ‘ఇంకొక వీరుడు కత్తి దించాడు.’

సంగీత రాయడం ఆపేసింది. కత్తి దించడమంటే చనిపోయినవాడికి చేసే వందనం. మూడో కత్తి దిగితే పేరు కోట బయట పోయినవాళ్ల పేర్లు చెక్కే వీరగల్లు మీదికి ఎక్కుతుంది. అక్కడికి ఎక్కిన పేరు మళ్లీ సభలోకి రాదు. పాపం, వాళ్ల తప్పేముంది? తూర్పుగాలి పేరుతో ఇంటివాళ్లెవరో చావు కబురు చెప్పడానికి వచ్చారనుకున్నారు. అంతగా ఏడిస్తే ఇంకేమనుకుంటారు?

‘దండనాయకుడు కత్తి మీద చెయ్యి వేశాడు.’

‘ఆగండి, బతికే ఉన్నడు. మా తండాల వచ్చినోళ్ల కోసం కూడ ఏడుస్తం’ అని సంగీత రాసి పంపింది. పోలేదు. చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. సంగీత మంచె మీద లేచి నిలబడి ఫోను చంద్రుడికి చూపించినట్టు పైకెత్తింది. ఇన్నాళ్లు కాపాడిన ఆసనాన్ని తన చేతులతో తానే పోగొడుతున్నానని దిగులుపడింది. కూర్చునే ఉన్న దాదీ మాత్రం మనవరాలి కాళ్లు పట్టుకుని హాయిగా ఏడుస్తూనే ఉంది.

మాట వెళ్లింది. ముందుగా రాసింది తూర్పుగాలే.

‘బతికే ఉన్నాను. ముందే చెబుదామనుకున్నా, కళ్లల్లో నీళ్లకు అక్షరాలు కనబడలేదు. ఇన్నాళ్లు దవాఖానాలో గోడ చూస్తూ పడుకున్నా. ఇంటికి తెచ్చిన రోజు మావాళ్లు సంచులు లోపల పెట్టి, ఫ్యాను వేసి, ఎవరి పని మీద వాళ్లు పోయారు. నేనొచ్చానని ఎవరూ ఏడవలేదు. కమ్లీ, ఇంకొంచెం ఏడవవా?’

‘దండనాయకుడు కత్తి మీది నుంచి చెయ్యి తీశాడు,’ అంది ఆట. వెంటనే దండనాయకుడు అడిగాడు: ‘అది ఎలా ఏడవాలో మాకూ చెప్పు.’

దాదీ రాగం తీసింది, సంగీత రాసింది, వీరులు ఒక్కొక్కరే ‘ఓ నా అన్నా’ అని అందుకున్నారు. ఎక్కడెక్కడి ఇళ్లలోనో కూర్చున్న మనుషులు, ముఖం తెలియని ఒక మనిషి కోసం, మంచులో మునిగిన ఒక మక్కచేనులోంచి వచ్చే రాగం వెంట ఏడ్చారు.

కమ్లి ముసుగు తీసి, ముక్కు చీది, వడిసెల మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“ఏడ్సుడయింది. ఇగ నీళ్లియ్యి. ఎంత దూరంకెల్లొచ్చిండో ఏమో.”

ఆటకు ఆ ఆజ్ఞ తెలియదేమో అనుకుంటూనే సంగీత రాసింది. ‘నువ్వు తూర్పుగాలికి నీళ్లు ఇచ్చావు. అతను తాగాడు.’

“తాగిండా?”

“అవ్ దాదీ, తాగిండు.”

“అయితే కూసోమను.”

సంగీత ఇంకా రాయనే లేదు. దీపం పక్కన కొత్త వరస వెలిగింది.

‘తూర్పుగాలి తన ఆసనంలో కూర్చున్నాడు.’