వాటానికి మూడో సాక్షి

నిఘంటువు ఆఫీసులో ఒక నియమం ఉంది. ఏ మాటకైనా కొత్త అర్థం పుస్తకంలోకి ఎక్కాలంటే ముగ్గురు సాక్షులు కావాలి. ఆ ముగ్గురూ ఆ మాటను తమంతట తాము అనాలి. అడిగేవాళ్లు ముందుగా పలికితే ఆ సాక్ష్యం రాసుకున్న చీటీ చిత్తుబుట్టలోకే. అడిగేవాళ్ల బంధువుల సాక్ష్యం అసలే చెల్లదు. ఇదంతా పెట్టింది పెద్దాయన, అంటే ప్రధాన సంపాదకుడు. ముప్పయ్యేళ్లుగా ఒక్క ఇంగ్లీషు ముక్క నోట రానివ్వని ఘనుడు. ఫోను మోగితే "దూరవాణి చూడండి" అంటారు, కొత్తగా చేరినవాళ్లు బిక్కమొహం వేస్తారు.

"వ" అక్షరం చూసే అమ్మాయి మేస్త్రీ కూతురు. "వాటం" దగ్గర ఆమె పట్టిన పట్టు విడవలేదు. ఎడమచేతి వాటం ఉంది, గాలివాటం ఉంది, చేతివాటం చూపించే దొంగలకూ చోటు దొరికింది. వీటన్నిటికీ తల్లి వేరే ఉందని ఆమె వాదన. నీళ్లు నిలవకుండా నేలకిచ్చే ఏటవాలును వాళ్ల నాన్న వాటం అంటాడు. ముందు నీళ్లు మొగ్గాయి, ఆ తర్వాతే చెయ్యి మొగ్గింది, గాలి మొగ్గింది. కాబట్టి ఆ అర్థమే మొదట ఉండాలి.

పెద్దాయన ఆమె కాగితం చదివి పక్కన పడేశారు. "మీ ఇంట్లో అనుకునేవన్నీ నిఘంటువుకెక్కవమ్మా. ఇంతకాలం నేనెక్కడా వినలేదే!"

ఆ మాట ఆమెకు ములుకులా గుచ్చుకుంది. నలభై ఏళ్లు ఊరందరి ఇళ్లలో నేలలు పరిచిన మనిషి మాటకు ఒక్క పంక్తి చోటు లేదా?

రేకులు వేసే అతని దగ్గర ఒక చీటీ, తోటలో కాలువలు తీసే ముసలమ్మ దగ్గర ఇంకోటి దొరికాయి. మూడోది చిక్కితే ఒట్టు. నాలుగింటికి "వ" పేజీలు ప్రెస్సుకి వెళ్లాలి. మూడున్నరైంది.

పెద్దాయన గది ముందు వరండాలో కొత్తగా బండలు పరిచిన మరో మేస్త్రీ సామాను సర్దుకుంటున్నాడు. ఆమె ఆశ చావక అడిగింది.

"నీళ్లు పోవడానికి నేలని ఓ పక్కకి దించుతారు కదా బాబాయ్, దాన్నేమంటారు?"

"స్లోపంటారు తల్లీ."

ఆమె ప్రాణం ఉసూరుమంది. అయినా మేస్త్రీ కూతురి కన్ను ఊరుకుంటుందా? వంగి చూసింది. వరండా బయటికి కాదు, పెద్దాయన గుమ్మంలోకి వాలి ఉంది. గబగబా ఆయన గదిలోకెళ్లి, నేల మీదున్న చీటీల కట్టలన్నీ బల్ల మీదికెక్కించింది.

"ఏమిటీ సర్దుడు?" అన్నారాయన తలెత్తకుండానే.

"దుమ్ము పడుతోందండీ" అని అబద్ధమాడి బయటికొచ్చింది. "బాబాయ్, రెండు బకెట్లు పోసి చూద్దాం పట్టు."

నీళ్లు తిన్నగా గుమ్మం దాటి పెద్దాయన పాదాలు తడిపాయి. ఆయన ఎగిరి లేచారు.

"ఎవరయ్యా ఈ నేల పరిచింది?"

"స్లోపు కాస్త తేడా కొట్టింది సార్."

"తప్పు చేసి, పైగా పరాయి మాటా? బయటికి పెట్టాల్సిన వాటం లోపలికి పెట్టావని చెప్పు!"

అనేశారు. అన్నాక ఆయనకే తెలిసింది. ఆమె చీటీ, పెన్నూ ఆయన ముందు పెట్టింది.

"నీ కాగితం చదివాను కదమ్మా. అది గుర్తుండి అన్నానేమో."

"ఏమోనండీ. మీరే చెప్పాలి."

పెద్దాయన తడి పాదాల వంక చాలాసేపు చూశారు. "కాదు. మా అమ్మ అనేది. ఇల్లు కడిగి, వాటం ఉన్నవైపు చీపురుతో తోసేది. నేనెలా మర్చిపోయాను?" చీటీ మీద సంతకం చేశారు. ఆమె కాగితం వెతికి తీసి, ఏటవాలు అన్న అర్థం పక్కన "1" అని తన చేత్తోనే వేశారు.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా పేజీలు వెళ్లిపోయాయి. ఆమె మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, నీ వాటం పుస్తకంలోకెక్కింది! అన్నిటికంటే ముందు!"



"అయితే అమ్మడూ, ఇన్నాళ్లూ మనం మాట్లాడిందీ తెలుగేనన్నమాట."

"తెలుగే నాన్నా!" అని ఆమె వీధి వినేలా అరిచింది. "ఒకటో నంబరు తెలుగు!"