అడుగుకి వెలిగే పక్షి

అక్క పాతికేళ్లు బస్సు కండక్టరుగా నిలబడే బతికింది. పక్షవాతంతో ఎడమ కాలు పడిపోయాక కుర్చీ దిగనని మొండికేసింది. "నడిచి ఎవర్ని ఉద్ధరించాలే?" అని కసిరేది.

చెల్లెలిది ముట్టుకుంటే మోగే, కదిలితే వెలిగే ఎలక్ట్రానిక్ బొమ్మలు చేసే పని. అక్క ఉంటున్న ఫిజియోథెరపీ కేంద్రం వాళ్లని బతిమాలుకుని, అక్కడి వరండాలో పన్నెండు పలకలు పరిచింది. అడుగు బరువుకి వాటి కింది బిళ్లలు నొక్కుకుని కాస్త కరెంటు పుడుతుంది. దాంతో గోడ మీది దీపాల పక్షి రెక్కలు విప్పాలి. ప్లగ్గు లేదు, తీగ లేదు.

"నీ కాలే దీనికి కరెంటు" అంది.

తను తొక్కితే పక్షి వెలిగింది. అక్క ఈడ్చుకుంటూ వేసిన అడుగుకి మిణుకుమనలేదు. అక్క మొహం చూడలేక, మర్నాడు పలకల కింద ఓ బ్యాటరీ, పైన ఏది కదిలినా పసిగట్టే సెన్సరు పెట్టేసింది.

ఇక అక్కకి పట్టపగ్గాల్లేవు. "నా కాల్లో ఇంకా చేవ ఉందమ్మా!" అంటూ నర్సుల్ని పిలిచి మరీ చూపించేది. మూడు నెలల్లో రెండు పలకల నుంచి తొమ్మిదికి వచ్చింది. నిజం చెల్లెలి నోటిదాకా వచ్చేది. మింగేసేది.

ఓ మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్న అక్క చేతి రుమాలు జారి పలక మీద పడింది. పక్షి నిండుగా రెక్కలు విప్పింది.

"రుమాలుకెంత బరువుంటుందే?" అంది అక్క, మెల్లిగా.

చెల్లెలు చెప్పేసింది.

"తీసెయ్ దాన్ని. ఇప్పుడే."

తీసేసింది. అక్క కర్ర ఊని లేచి, పళ్లు బిగబట్టి ఎడమ కాలు మోపింది. మళ్లీ మోపింది. గోడ మీద ఏమీ లేదు.

"అందరూ జాలిపడితే పోనీలే అనుకున్నా. నువ్వు కూడానా?"

"నడిచింది మాత్రం నువ్వే కదక్కా! తొమ్మిది పలకలు..."

అక్క వినిపించుకోలేదు. ఆ తర్వాత కాలు కింద పెట్టలేదు.

చెల్లెలు ఐదు వారాలు మిగతా పనులన్నీ మానుకుని, ఆ కాస్త బరువుకే వెలిగే పలక ఒకటి చేసింది. ఈసారి మోసం లేదు. పలకనీ, పక్షినీ అక్క గదికి తెచ్చి, అక్క పాదం తనే ఎత్తి పలక మీద పెట్టింది. పక్షి వెలిగింది.

"బాగుందే," అంది అక్క. "ఇందులో ఎక్కడ దాచావు?"

"లేదక్కా, నీ మీదొట్టు!" స్క్రూలు ఊడదీసి, పలక విప్పి, ఒక్కొక్క ముక్కా అక్క ఒళ్లో పెట్టింది. అక్క చూడలేదు. కిటికీ వైపు తిరిగి, కాళ్ల మీదికి దుప్పటి లాక్కుంది.

"చలేస్తోంది. తలుపు వేసి వెళ్లు."

చెల్లెలు ముక్కలన్నీ ఏరుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.